లామ్ డోంగ్ కొండసీమలో ఏది, ఎక్కడ, ఎప్పుడు తినాలి: నా అనుభవం

వియత్నాం దక్షిణ భాగంలో, హో చి మిన్ నగరానికి ఈశాన్యంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో డాలాట్ అనే కొండపట్నం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తున, పైన్ అడవుల నడుమ లాంగ్‌బియాంగ్ పీఠభూమి మీద వెలసిన ఈ ఊరు లామ్ డోంగ్ ప్రావిన్సుకు పాలనా కేంద్రం. అక్కడికి వెళ్ళినవారు సాధారణంగా జలపాతాలు, పూలతోటలు, ఫ్రెంచివారి కాలం నాటి బంగళాలు చూసి వస్తారు. నేనూ నా శ్రీమతీ మాత్రం అక్కడి పంటల కోసం, వంటల కోసమే గత నవంబరులో ప్రయాణం పెట్టుకున్నాము. ఏ పండు ఏ ఎత్తున పండుతుంది, కోసిన తరువాత దాన్ని ఏం చేస్తారు, స్థానికులు దాన్ని ఎలా తింటారు అన్నది మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూడాలన్నది మా కోరిక. నేను మాంసాహారిని, ఆమె శుద్ధ శాకాహారి. అందువల్ల ఒకే ఊరిలో రెండు రకాల భోజనాలనూ వెతుక్కునే అవకాశం కలిగింది.

ఈ ప్రాంతంలో ఇన్ని చలిదేశపు కూరగాయలు ఎందుకున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. ప్లేగు వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని 1894లో హాంగ్‌కాంగ్‌లో గుర్తించిన వైద్యుడు అలెగ్జాండర్ యెర్సిన్, అంతకు ముందు సంవత్సరం, 1893లో, ఈ పీఠభూమికి చేరుకున్నాడు. తీరప్రాంతపు ఎండలకు తాళలేని ఫ్రెంచి అధికారులకు ఇది ఆ తరువాత వేసవి విడిది అయింది. తమకు అలవాటైన క్యాబేజీ, క్యారెట్, ఆర్టిచోక్, స్ట్రాబెర్రీ వంటివి వారు ఇక్కడ నాటించారు. పాలకులు వెళ్ళిపోయినా పంటలు ఉండిపోయాయి. ఈనాడు దక్షిణ వియత్నాం నగరాలు తినే ఆకుకూరల్లో, కూరగాయల్లో పెద్ద భాగం ఇక్కడి నుంచే లారీలలో దిగుతుంది.

ఇంకొక విషయం కూడా ముందే చెప్పాలి. 2025 జూలై 1న వియత్నాం ప్రభుత్వం ప్రావిన్సులను పునర్వ్యవస్థీకరించినప్పుడు పొరుగున ఉన్న డాక్ నోంగ్, సముద్రతీరపు బిన్ తువాన్ ప్రావిన్సులు లామ్ డోంగ్‌లో కలిసిపోయాయి. దానితో ఇది విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద ప్రావిన్సు అయింది. కాగితం మీద ఇప్పుడు తీరంలోని డ్రాగన్ పండ్ల తోటలు, చేపల సాస్ తయారయ్యే ఫాన్ థియెట్ కూడా దీనిలోనివే. నేను రాస్తున్నది మాత్రం పాత లామ్ డోంగ్ గురించి, అంటే కొండసీమ గురించి.

హో చి మిన్ నగరం నుంచి విమానంలో వెళితే గంట కూడా పట్టదు. రాత్రి పూట పడకల బస్సులూ ఉన్నాయి. పంటలు చూడదలచిన వారికి ఈ రెండూ పనికిరావని నా అభిప్రాయం. మేము పగటి పూట, 20వ నంబరు జాతీయ రహదారి మీద కారులో వెళ్ళాము. కారు నడిపిన అమ్మాయి బావ్ లోక్ పట్టణానిది. పర్యాటకంలో డిగ్రీ చేసి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడే ఆమె మాకు దారి పొడవునా దుబాసి కూడా అయింది. రోడ్డు పైకి ఎక్కుతున్న కొద్దీ పక్కనున్న తోటలు మారిపోతుంటే చూడటం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం. కొండల కింద డా హువాయ్ వైపు పనస వంటి ముళ్ళ పండు డ్యూరియన్ తోటలు కనిపిస్తాయి. వాటికి వేడి, తేమ కావాలి, చలి పనికిరాదు. తరువాత బావ్ లోక్ కనుమ ఎక్కగానే గాలి చల్లబడి, ఎనిమిది, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున తేయాకు తోటలు, పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ తోటలు మొదలవుతాయి. మరికొంత దూరం పోయాక డి లిన్ చుట్టూ అంతా రొబస్టా అనే రకం కాఫీ. నవంబరు కోతల కాలం కావడం వల్ల ఇళ్ళ ముందు, రోడ్డు అంచులలో టార్పాలిన్ పట్టాల మీద కాఫీ పండ్లు ఎర్రగా, కొన్నిచోట్ల నల్లబడి ఎండుతూ కనిపించాయి. ఆడవాళ్ళు చెక్క పారలతో వాటిని తిరగేస్తున్నారు. ఆ తరువాత డక్ చోంగ్ మైదానంలో కూరగాయల మడులు, చివరికి ప్రెన్ కనుమ దాటితే పైన్ చెట్లు, డాలాట్. ఈ దారిలో వచ్చినవారికి ఏది ఎక్కడ కొనాలో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

బావ్ లోక్‌లో ఆగి టీ తాగాము. అక్కడ సగం పులియబెట్టిన ఆకుతో ఊలాంగ్ అనే టీ చేస్తారు, మల్లెపూలతో, తామరపూలతో పరిమళం పట్టించిన టీ కూడా చేస్తారు. చక్కెర, పాలు లేకుండా చిన్న చిన్న గిన్నెలలో పోసి ఇచ్చారు. మొదటి గుక్కలో వచ్చే ఆకు వాసన నాకు బాగా నచ్చింది, నా శ్రీమతికి మల్లె టీ నచ్చింది. ఆ ప్రాంతం అవకాడోకు కూడా పెట్టింది పేరు. సన్నగా పొడవుగా, చిన్న గింజతో, దళసరి కండతో ఉండే ఒక రకాన్ని అక్కడ 034 అనే అంకెతోనే పిలుస్తారు. అవకాడో అసలు కాలం వానాకాలం. నవంబరులో దొరికినవి కొద్దిపాటివే, వాటిలో కూడా గట్టివే ఎక్కువ. పండిన కాయ తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే మెల్లగా లోనికి పోవాలని, మధ్యలో నొక్కి చూస్తే అమ్మేవారికి కోపం వస్తుందని మా డ్రైవరమ్మాయి చెప్పింది. మధ్యలో నొక్కితే కండ నల్లబడుతుంది కాబట్టి ఆ కోపం న్యాయమైనదే. అక్కడివారు దీన్ని ఉప్పుకారాలతో కాక తీపితో తింటారు. డాలాట్‌లో అవకాడో గుజ్జును మెత్తగా చిలికి, దాని మీద కొబ్బరి ఐస్‌క్రీం ముద్ద పెట్టి ఇస్తారు. కాలం కాకపోయినా అది తినకుండా రాకూడదు.

డాలాట్ పెద్ద బజారుకు తెల్లవారుజామునే వెళ్ళాలి. ఎండ ఎక్కాక వెళితే చక్కెర పాకం పట్టి ఎండబెట్టిన పండ్ల దుకాణాలు తప్ప మరేమీ కంటబడవు. యాత్రికుల కోసం గుట్టలు పోసే ఆ రంగురంగుల పండ్లలో ఏది ఈ నేల మీద పండిందో, ఏది బయటి నుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. నిజమైన బజారు ఐదు గంటలకు, మంచులో, బల్బుల వెలుతురులో నడుస్తుంది. మొన తేలిన టోపీలు, ఉన్ని కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు నేల మీదే పట్టాలు పరచుకుని కూర్చుంటారు. పాలకూర జాతి ఆకులు, తెల్లని ముల్లంగి, బీట్‌రూట్, బ్రకోలీ, సోంపు ఆకు, పుదీనా, లేత ఉల్లికాడలు, తడి ఆరని క్యారెట్లు అక్కడ కుప్పలుగా ఉంటాయి. క్యారెట్లను ఆకులతో సహా అమ్ముతారు. ఆకు వాడిపోకపోతే ఆ ఉదయమో, ముందు రోజు సాయంత్రమో పీకినవని అర్థం.

బంగాళాదుంపల దగ్గర ఒక మంచి విషయం నేర్చుకున్నాము. ఈ పీఠభూమిలో చాలాచోట్ల నేల అగ్నిపర్వతపు బసాల్టు రాయి నుంచి ఏర్పడిన ఎర్రమట్టి. డాలాట్ దుంపకు రుచి వల్ల నగరాలలో ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి, కొందరు వ్యాపారులు దిగుమతి చేసిన చౌక దుంపలకు ఈ ఎర్రమట్టి పులిమి, స్థానిక దుంపలని చెప్పి అమ్మడం వియత్నాం పత్రికలలో చాలాసార్లు వచ్చిన వార్త. ఒక గుట్ట దగ్గర నా శ్రీమతి ఆగి, "ఏమండీ, ఈ మట్టి దుంపతో పాటు వచ్చినట్లు లేదు, పైన చల్లినట్లుంది చూడండి" అంది. ఆమె మాటను మాతో వచ్చిన అమ్మాయి పక్కనే ఉన్న ఒక పెద్దావిడకు చెప్పింది. ఆవిడ నవ్వి, తన గంపలోని దుంప ఒకటి తీసి బొటనవేలి గోటితో గీసింది. తొక్క ఉల్లిపొర వలె లేచి వచ్చి, కింద పసుపు పచ్చని కండ కనిపించింది. మేము ఆగిన గుట్టలోని దుంపను గీస్తే గోరు జారింది. స్థానిక దుంప తొక్క పలుచన, సైజులు ఒకదానికొకటి పొసగవు, మట్టి కళ్ళలోకి ఇంకి ఉంటుంది. బయటి నుంచి వచ్చినవి నున్నగా, పెద్దవిగా, ఒకే సైజులో ఉంటాయి, మట్టి రుద్దితే రాలిపోతుంది. అప్పటి నుంచి ఏ గంప దగ్గర ఆగినా మేము మొదట మట్టినే చూసేవాళ్ళం.

మనం బెంగుళూరు వంకాయ అనే కాయ ఇక్కడ విరివిగా పండుతుంది. అయితే కాయ కన్నా దాని లేత తీగ చివళ్ళకే గిరాకీ ఎక్కువ. నులితీగలతో, ముడుచుకున్న ఆకులతో కట్టలు కట్టి అమ్ముతారు. వాటిని బాగుచేసే తీరును ఒక శాకాహార భోజనశాల వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. కాడ చివర కొద్దిగా విరిచి కిందికి లాగితే పీచు దారంలా వచ్చేస్తుంది. నులితీగలలో ముదురువి తీసేస్తారు. తరువాత మరిగే ఉప్పు నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, మంట బాగా పెద్దది చేసి, నూనెలో దంచిన వెల్లుల్లి వేసి, అది ఎర్రబడే లోపే ఈ చివళ్ళు వేసి రెండు మూడు సార్లు తిప్పి దించేస్తారు. ఆకు మెత్తగా, కాడ కరకరలాడుతూ ఉంటుంది. అన్నంలో కలుపుకుని తిన్నాము. ఆ ఊరిలో మేము తిన్న కూరలన్నింటిలో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను.

శాకాహారులు అక్కడ గుర్తుంచుకోవలసిన మాట 'చై'. బోర్డు మీద ఆ మాట ఉన్న భోజనశాలలో మాంసం, చేప, చేపల సాస్ ఏవీ ఉండవు. ఇది బౌద్ధుల ఆచారం నుంచి వచ్చింది. చాంద్రమాన నెలలో 1వ, 15వ తేదీలలో చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ రెండు రోజులూ ఇటువంటి భోజనశాలలు కిటకిటలాడతాయి, మామూలు హోటళ్ళు కూడా కొన్ని శాకాహారం వండుతాయి. బోర్డు లేని చోట కూరగాయల వంటకం అడిగి ఊరుకుంటే సరిపోదు. ఆకుకూర వేపుడులో చేపల సాస్, ఉల్లికాడల నూనెలో పంది కొవ్వు, అప్పడం మీద ఎండు రొయ్యల పొడి ఉండవచ్చు. మా డ్రైవరమ్మాయి ఒక చీటీ మీద ఆ వస్తువులన్నీ వియత్నామీస్‌లో రాసి, ఇవి వద్దని చూపించమని నా శ్రీమతికి ఇచ్చింది. ఆ చీటీ వల్ల ఆమె ఎక్కడా ఇబ్బంది పడలేదు. గుడ్డు తినని వారు ఆ మాట కూడా విడిగా చెప్పాలి.

ఆర్టిచోక్ అనేది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. మనం తినేది దాని విచ్చుకోని పూమొగ్గను. డాలాట్‌లో దాని పువ్వు, ఆకు, కాండం, వేరు ఏదీ పారవేయరు. పువ్వును కూర వండుతారు, మిగిలినవి ఎండబెట్టి టీకి వాడతారు. మామూలుగా దీన్ని పంది కాళ్ళతో కలిపి పులుసు పెడతారు. చై భోజనశాలలో పుట్టగొడుగులు, క్యారెట్లతో పెట్టారు. మొగ్గ రేకులను ఒక్కొక్కటిగా ఊడదీసి, అడుగున ఉన్న కొద్దిపాటి కండను పళ్ళతో గీరి తినాలి. మధ్యలోని నూగును తీసివేస్తే కింద మెత్తని గుండె భాగం ఉంటుంది. రుచి కొద్దిగా చేదు. అది తిన్న తరువాత మంచినీళ్ళు తాగితే నీళ్ళు తియ్యగా అనిపించాయి. దానిలోని సినారిన్ అనే పదార్థం నాలుక మీద తీపిని గుర్తించే చోటును కాసేపు అణచి ఉంచుతుందని, నీళ్ళు దాన్ని కడిగేయగానే తీపి తెలిసినట్లవుతుందని తరువాత చదివాను. తాజా మొగ్గలు ఏడాది చివర నుంచి తరువాతి వసంతం దాకా దొరుకుతాయి.

ఇక నేను డాలాట్‌కు నవంబరులోనే వెళ్ళడానికి అసలు కారణం పెర్సిమన్ పండు. ఇది మన అడవుల్లో దొరికే తునికి జాతిదే, రెండింటికీ వృక్షశాస్త్రంలో ఒకే ప్రజాతి పేరు. పచ్చికాయ కొరికితే నోరంతా పిడచ కట్టుకుపోయేంత వగరు. పండితే తేనె. ఈ వగరును తీపిగా మార్చే పద్ధతులు మూడు చూశాను. చెట్టు మీదే మెత్తబడే దాకా ఉంచి చెంచాతో తినడం ఒకటి. గట్టిగా ఉండగానే కోసి, గాలి ఆడకుండా కొన్నాళ్ళు కట్టిపెట్టి, ఆపిల్ మాదిరిగా కరకరలాడే స్థితిలోనే వగరు పోగొట్టడం రెండవది. మూడవది గాలికి వేలాడదీయడం. ఇది జపానువారి పాత పద్ధతి. 2010వ దశకంలో జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా నిపుణులు ఇక్కడి రైతులకు నేర్పారు. అంతకు ముందు పంట ఒక్కసారిగా వచ్చిపడి ధర పడిపోతే పండ్లు చెట్ల కిందే రాలి కుళ్ళిపోయేవని మేము వెళ్ళిన తోట యజమాని చెప్పాడు.

ఆ తోట చాయ్ మాట్ వైపు, లోయ అంచున ఉంది. ఆకులు సగం రాలిపోయిన చెట్ల మీద పండ్లు నారింజ రంగులో వేలాడుతున్నాయి. వేలాడదీయడానికి పూర్తిగా పండినవి పనికిరావు, రంగు తిరిగి ఇంకా గట్టిగా ఉన్నవే కావాలి. కోసేటప్పుడు తొడిమను దాని కొమ్మ ముక్కతో సహా కత్తిరించారు. ఆ అడ్డు ముక్కే దారం ముడి జారకుండా కొక్కెంలా పనిచేస్తుంది. తరువాత తొడిమ చుట్టూ గుండ్రంగా గీసి, తొక్క పలుచగా చెక్కి, దారానికి ఒకదాని కింద ఒకటి, తాకకుండా కట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ పైకప్పు, చుట్టూ ఈగల వల ఉన్న పొడవాటి షెడ్డులో వేలాడదీశారు. నాకూ ఒక చాకు ఇచ్చారు. తొక్క మందంగా పోతే పండు బరువు పోతుంది, కొంచెం మిగిలిపోతే ఆ చోట ఎండక మరక పడుతుంది. వాళ్ళ చేతిలో తొక్క తెగకుండా ఒకే పట్టీగా దిగుతుంటే చూసి చాలా ఆనందించాను.

తోటలో వేర్వేరు వారాలలో కట్టిన దండలు పక్కపక్కనే ఉండటం వల్ల మొత్తం మార్పు ఒకే చోట చూడగలిగాము. మొదటి వరుసలో పండ్లు తడిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. తరువాతి వరుసలో పైన పలుచని పొర కట్టింది. ఆ పొర కట్టిన తరువాత అసలు పని మొదలవుతుంది: ప్రతి పండునూ చేతితో మెల్లగా పిసకాలి. ఆ ఇంటి కోడలు చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, దండ కదలకుండా ఒక్కొక్క పండును రెండు బొటనవేళ్ళ మధ్య తిప్పుతూ నొక్కడం చూపించింది. ఇలా నొక్కితే లోపలి గట్టి కండ విరిగి, తేమ పైకి వచ్చి, పండు సమంగా ఎండుతుంది. గట్టిగా నొక్కితే పొర చిట్లి రసం కారి బూజు పడుతుంది. కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ ఇదే పని. మొత్తం మీద మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎండే క్రమంలో నోరు పట్టేసే టానిన్ అనే పదార్థం నీటిలో కరగని రూపానికి మారిపోతుంది కాబట్టి నాలుకకు వగరు తెలియదు. చివరి వరుసలోని పండ్లు ముదురు గోధుమ రంగులోకి వచ్చి, పిడికిలిలో ఇమిడేటంత చిన్నవి అయ్యాయి. కొన్నింటి మీద పండులోని చక్కెరే తెల్లని పొడిగా పూసింది. బూజు అనుకుని దాన్ని తుడిచేయవద్దని, అదే మంచి గుర్తు అని వారు చెప్పారు.

ఆ పండును కోసి కాక చేతితో చీల్చి తినాలి. బయట తోలు వలె సాగుతుంది, లోపల జెల్లీ వలె ఉంటుంది. తీపి ఘాటుగా ఉన్నా వెగటు కొట్టదు. నా శ్రీమతి మాటలేమీ లేకుండా రెండవ పండు తీసుకుంది. బజారులో ఇదే పేరుతో పొయ్యిలలో ఆరబెట్టినవి కూడా అమ్ముతారు. అవి గట్టిగా, నల్లగా, చక్రాల వలె చదునుగా ఉంటాయి, ధర కూడా తక్కువ. గాలికి ఎండిన దానికి కిలో మూడు లక్షల డాంగ్‌లు దాటుతుంది. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు లెక్కన వెయ్యి రూపాయల పైమాటే. కిలో ఎండు పండుకు ఎన్నో కిలోల తాజా పండ్లు, నెల రోజుల చేతిపని పట్టడం కళ్ళారా చూశాక ఆ ధర గురించి బేరం చేయాలనిపించలేదు.

అక్కడి నుంచి కౌ డాట్ వైపు వెళ్ళాము. డాలాట్ కన్నా కొంచెం ఎత్తు, చలి ఎక్కువ. 1927లో ఫ్రెంచివారి కాలంలో నెలకొల్పిన టీ కర్మాగారం అక్కడే ఉంది. ఆ కొండ వాలులలో అరబికా కాఫీ పండుతుంది. డి లిన్‌లో చూసింది రొబస్టా. అది వేడిని, తెగుళ్ళను తట్టుకుంటుంది. అరబికాకు తక్కువ ఎత్తున ఆకు తుప్పు తెగులు సోకే ప్రమాదం ఎక్కువ, పైగా చలిలో పండు నిదానంగా పండితేనే దాని పులుపు, పరిమళం నిలుస్తాయి. ఒకే చెట్టు మీద ఎర్రవి, పసుపువి, పచ్చివి కలిసి ఉంటాయి కాబట్టి ఎర్రబడినవి మాత్రమే ఏరి కోయాలి. కోసిన పండ్లను నీళ్ళలో వేస్తే తేలినవి తీసివేసి, మునిగిన వాటి తొక్క యంత్రంతో ఒలిచి, గింజకు అంటుకున్న జిగురు వదిలే దాకా తొట్టిలో పులియబెట్టి, కడిగి, నేలకు ఎత్తుగా కట్టిన వల మంచాల మీద ఆరబోస్తారు. తొట్టి దగ్గర పులిసిన పండ్ల వాసన బాగా వస్తుంది. గింజలను గుప్పిట పట్టి ఉబ్బిన జిగురు ఉందో లేదో రాపిడితో చూసి, గరగరమని శబ్దం వస్తే కడగడానికి సిద్ధమని ఆ తోటలోని ఆయన చెప్పాడు. తేమ 11, 12 శాతానికి దిగే దాకా ఎండబెట్టాలి.

వియత్నాంలో ఎక్కడైనా దొరికే మంచు ముక్కలు, చిక్కని పాలు వేసిన కాఫీ రొబస్టాతో చేసినది. అది గట్టిది, చేదుగా ఉంటుంది కాబట్టి చిక్కని పాలు దానికి సరిపోతాయి. అరబికాను మాత్రం పాలు లేకుండా తాగాలి. గ్లాసు మీద కూర్చోబెట్టే చిన్న రేకు ఫిల్టరులో పొడి వేసి, మొదట కొద్ది నీళ్ళు పోసి పొడి నానే దాకా ఆగి, తరువాత మిగిలినవి పోశారు. నెమ్మదిగా చుక్క చుక్కగా దిగింది. పాలు లేని కాఫీ ఎన్నడూ తాగని నా శ్రీమతి కూడా సగం గ్లాసు తాగింది.

సాయంత్రం చీకటి పడగానే డాలాట్ వీధులలో బొగ్గుల కుంపట్లు వెలుగుతాయి. బాన్ కాన్ అనే వంటకం కోసం మట్టితో చేసిన గుంటల పెనం వాడతారు, అచ్చం మన గుంట పొంగణాల పెనమే. బియ్యం పిండి జారుగా కలిపి గుంటలలో పోసి, మీద గుడ్డు కొట్టి వేసి మూత పెడతారు. ఉడికాక రెండేసి కలిపి జతగా పెట్టి, చేపల సాస్, మాంసపు ఉండలు ఉన్న పులుసులో ముంచి తినాలి. మట్టి పెనం వల్ల అడుగు పెళుసుగా, పైభాగం మెత్తగా వస్తుంది. నా శ్రీమతికి ఏమీ వేయని ఉత్త పిండితో కాల్చి, సోయా సాస్ ఇచ్చారు. బియ్యపు అప్పడాన్ని నిప్పుల మీద కాలుస్తూ గుడ్డు, ఉల్లికాడలు, ఎండు రొయ్యలు పరిచి మడిచి ఇచ్చే మరో వంటకం యువతకు ఎంతో ఇష్టం. నాకు బాన్ కాన్ ఎక్కువ నచ్చింది. తులసి జాతికి చెందిన ఒక వాసన ఆకు గుప్పెళ్ళ కొద్దీ వేసి, బల్ల మీదే ఉడికించే కోడి పులుసు చలికి చాలా బాగుంటుంది. చివరగా వేడి సోయా పాలు తాగాలి. పెసలతో, వేరుశనగతో చేసిన పాలు కూడా అదే బండి మీద ఉంటాయి. గ్లాసు పది, పదిహేను వేల డాంగ్‌లు. శాకాహారికి ఏ అనుమానం లేకుండా తీసుకోగలిగిన వీధి ఆహారం ఇదే.

లాంగ్‌బియాంగ్ కొండ పాదాన కోహో ప్రజల పల్లెలు ఉన్నాయి. ఈ పీఠభూమి యెర్సిన్ కన్నా ఎంతో ముందు నుంచి వారిది. వెదురు బొంగులలో జిగురు బియ్యం నింపి నిప్పుల మీద కాల్చి, బొంగు పై పొరలు చెక్కి, ఉప్పు కలిపిన నువ్వుల పొడితో పెడతారు. బొంగు లోపలి తెల్లని పొర అన్నానికి అంటుకుని వస్తుంది, దానితో సహా తినవచ్చు. జాడీలో పులియబెట్టిన బియ్యపు పానీయాన్ని పొడవాటి గొట్టాలతో అందరూ చుట్టూ కూర్చుని తాగుతారు. దానితో పాటు వినిపించే కంచు గంటల సంగీతం 'మధ్య పీఠభూములు' అనే ఈ కొండప్రాంతం అంతటికీ చెందిన వారసత్వంగా 2005లో యునెస్కో గుర్తింపు పొందింది. యాత్రికుల బృందాల కోసం రాత్రిళ్ళు పెట్టే ప్రదర్శనలు కాక, పగటి పూట ఆ పల్లెల్లో కాఫీ పండించే ఒక ఇంట్లో తిన్న అన్నమే నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది.

స్ట్రాబెర్రీ కోసం మాత్రం మేము తొందరపడ్డట్టే. డిసెంబరు నుంచి మార్చి దాకా అవి బాగా దొరుకుతాయి. లోయలలో ఎటు చూసినా కనిపించే ప్లాస్టిక్ గుడారాలలో పెంచుతారు, కోసుకోవడానికి లోపలికి రానిస్తారు. ఆ గుడారాల వల్ల వాన నీరు ఇంకక వరదలు పెరుగుతున్నాయన్న ఆందోళన ఆ ఊరిలో బలంగా ఉంది, వాటిని తగ్గించాలని ప్రభుత్వం కూడా ప్రణాళిక వేసుకుంది. కొండలను కప్పేసిన ఆ తెల్లదనం చూశాక నాకు ఆ ఆందోళన సబబే అనిపించింది. పండు విషయానికి వస్తే, తొడిమ దాకా ఎర్రబడినవే ఏరుకుని, వారిలాగే ఉప్పు, మిరపపొడి అద్దుకుని తినాలి.

తిరుగు ప్రయాణంలో తాజా పండ్లు, మొక్కలు, విత్తనాలు మూట కట్టుకోకూడదు. అవి మన దేశపు మొక్కల క్వారంటైన్ నిబంధనల కిందికి వస్తాయి. వేయించిన కాఫీ, ఆర్టిచోక్ టీ, మూసిన ప్యాకెట్లలో పెర్సిమన్ తెచ్చుకున్నాము. పెర్సిమన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట ఉంచితే మన వేడికి మెత్తబడి పులుస్తుంది. నవంబరులో వెళ్ళలేని వారు జూన్, జూలైలలో వెళితే వాన ఉంటుంది కానీ డ్యూరియన్, అవకాడో పుష్కలం. ఫిబ్రవరి ప్రాంతంలో అయితే ఆర్టిచోక్, స్ట్రాబెర్రీ. చాంద్రమాన కొత్త సంవత్సరం వచ్చే వారంలో మాత్రం బజార్లు, భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి, గదుల ధరలు పెరుగుతాయి కనుక ఆ తేదీలు చూసుకుని టికెట్లు కొనుక్కోవాలి.